శ్రీశైలానికి ఏ దిక్కు?

అహోబలశాస్త్రి సంకల్పం చెప్తుంటే దేవుడు చెవులు మూసుకున్నా వినపడుతుందని కమలాపురంలో అనుకునేవాళ్లు. అంత గొంతు ఆయనది. పెండ్లి కానీ, కర్మాంతరం కానీ, పీట మీద కూర్చున్న మనిషి ఏ కల్పంలో, ఏ యుగంలో, ఏ ద్వీపంలో కూర్చున్నాడో ఒక్క ఊపిరిలో చెప్పేసేవాడు. మేరువుకు ఏ పక్క, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదికీ ఏ నదికీ నడుమ అన్నీ అందులో వచ్చేవి. "చిరునామా చెప్పకుండా మొర పెట్టుకుంటే ఆయన ఎవరింటి తలుపు కొట్టాలప్పా?" అని కర్తను వేళాకోళం చేసేవాడు. జంబూద్వీపే, భరతవర్షే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే అంటూ ఆ వరస వినీ వినీ ఊళ్లో పశువులు కాసేవాళ్లకు కూడా నోటికి వచ్చేసింది. అర్థం ఎవరూ అడగలేదు. అడగకపోవడమే భక్తి అని శాస్త్రి కూడా అనుకునేవాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఎండలు ముదిరిన రోజుల్లో, సిద్దారెడ్డి ఆయన్ను ఇంటికి పిలుచుకుపోయాడు. పని ఏమిటో దారిలోనే చెప్పాడు. అతని అన్న గంగిరెడ్డి పోయి పన్నెండేండ్లు నిండాయి. జాడ తెలియని మనిషికి పన్నెండేండ్లు చూసి, దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి నీళ్లు వదలడం ఆచారం. కొడుకులు లేరు కాబట్టి తమ్ముడే చేయాలి.

గంగిరెడ్డి కథ ఊరందరికీ తెలిసిందే. వరసగా పంటలు ఎండిపోయిన కాలంలో రైలెక్కి మద్రాసు పోయాడు, అక్కడ ఓడెక్కి రంగూన్ పోయాడు, కట్టెల అడితీలో పనికి కుదిరాడు. జపాన్ వాడి బాంబులు పడగానే తిరుగు ఓడ ఎక్కాడు. ఎక్కడం ప్రొద్దుటూరు మనిషి ఒకడు కళ్లారా చూశాడు. ఆ ఓడ మద్రాసు చేరలేదు. తెలిసింది అంతే, తక్కినదంతా జనం పెంచింది. పెనాంగులో టీ అంగడి పెట్టుకున్నాడని ఒకరు, బర్మా ఆడమనిషిని కట్టుకున్నాడని ఒకరు, జపాన్ వాళ్ల జైల్లో ఉన్నాడని ఇంకొకరు చెప్పారు. సోది చెప్పే ఎరుకలామె ఏటేటా వచ్చి వచ్చే ఏడు వస్తాడని చెప్పి చేటెడు జొన్నలు పట్టుకుపోయేది.

శాస్త్రి కూడా చెప్పాడు. మొదట్లోనే ప్రశ్న చూసి, "తూర్పు దిక్కున క్షేమంగా ఉన్నాడు, శ్రావణం దాటితే కబురు వస్తుంది" అన్నాడు. ఏ గ్రహమూ ఆయన చెవిలో ఆ మాట చెప్పలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడలేక చెప్పాడు. తర్వాత ఎన్ని శ్రావణాలు వచ్చాయో, ఎన్ని పోయాయో. గంగిరెడ్డి భార్య నాగలక్ష్మమ్మ నుదుటి మీది కుంకుమ బొట్టు చూసినప్పుడల్లా ఆయనకు తన మాటే ఎర్రగా కనపడేది. ఎదురుపడితే తల వంచుకుని పక్క సందులోకి తిరిగేవాడు.

ఆ బొట్టు ఊరికి కూడా చిక్కుముడే. పేరంటానికి ఆమెను పిలవాలా వద్దా, తాంబూలం ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్లు గుసగుసలాడుకునేవాళ్లు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. మరిదితో సమంగా చేను చూసుకుంటూ, తన పాటికి తాను బతుకుతూ వచ్చింది.

ఆ రోజు మాత్రం అడిగింది.

"మీ మాట కాదనను సామీ," అంది, నడిమింటి గడప దగ్గర కూర్చుని. "మా మరిది తన అన్నకి నీళ్లు వదలాలంటాండాడు. న్యాయమే. నేను అడ్డం పడను. అయితే ఒక్క మాట. మా పెండ్లిలో మీరే గదా చెప్పింది, మేము యాడ కూర్చోనుండేదీ! కొండ చెప్తిరి, యేరు చెప్తిరి, దిక్కు చెప్తిరి. మా ఇంట్లో మేము కూర్చోనుంటేనే అంత చిరునామా చెప్పినారే, ఆయప్ప యాడ ఉండాడో చెప్పండి. చెప్పిన గడియలోనే బొట్టు తుడిచేసుకుంటా. చెప్పలేకపోతే తుడవను. ఎవరొచ్చి చెప్పినా తుడవను."

"ఇంకెక్కడమ్మా, సముద్రంలో," అన్నాడు శాస్త్రి.

"ఏ సముద్రంలో?"

శాస్త్రి చేతిలోని పంచాంగం విప్పాడు.

"మా అరుగు మీదనే గదా పురాణం చెప్తిరి, ఏడు సముద్రాలుండాయని? ఉప్పుది, చెరుకు రసందీ, కల్లుదీ, నెయ్యిదీ, పెరుగుదీ, పాలదీ, మంచినీళ్లదీ. ఆయప్ప ఏ దాంట్లో పడిపోయినాడు సామీ?"

ఆమె ఎగతాళికి అనలేదు. అయినా శాస్త్రికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. సిద్దారెడ్డి, "వదినా, సామిని అట్ల నిలదీస్తారా?" అన్నాడు కానీ, అతనికీ జవాబు వినాలనే ఉన్నట్టు శాస్త్రి వైపే చూశాడు. శాస్త్రి పంచాంగం తిరగేసి, శనివారం పోయాక సోమవారం మంచిదని ముహూర్తం పెట్టి, ఆ లోపల చెప్తానని బయటపడ్డాడు.

శాస్త్రం ప్రకారం ఆయన తప్పించుకోవచ్చు. సంకల్పంలో చెప్పాల్సింది చేసేవాడి చోటు, పోయినవాడి చోటు కాదు. లేదా నాలుగు సంస్కృతం ముక్కలు కలిపి, ఇదే మీ ఆయన ఉన్న చోటు అంటే సరిపోతుంది. ఆమెకు తెలిసేదా, ఊరికి తెలిసేదా! కానీ ఒకసారి శ్రావణం అని చెప్పి చూశాడు. ఆ నోటితోనే ఇంకొకటి చెప్పడానికి మనసు ఒప్పలేదు.

మిషన్ బడిలో పాఠాలు చెప్పే లేవి ఐవారి దగ్గర ప్రపంచ పటం ఉందని ఆయన విన్నాడు. కరువులో గంజి పోసిన దొరల దగ్గర లేవి తాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తాత మనవడు ఇప్పుడు రెడ్ల పిల్లలకు భూగోళం చెప్తున్నాడు. శాస్త్రి ఆ బడి మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. ఇంటికి పోయి తల మీద నాలుగు చెంబులు పోసుకుంటే సరిపోతుందని సర్దిచెప్పుకుని, శనివారం పిల్లలు వెళ్లిపోయాక ఎక్కాడు.

లేవి ఆశ్చర్యపోయినా పైకి కనపడనివ్వలేదు. బెంచీ తుడిచి, తాను కాస్త ఎడంగా నిలబడ్డాడు. సంగతి విని, గోడకు తగిలించిన గుడ్డ పటం మీది దుమ్ము దులిపాడు.

"ఇది మద్రాసు సామీ. ఇది రంగూన్. ఓడ ఈ నడుమనే యాడో మునిగింటాది."

శాస్త్రి ముందుకు వంగి చూశాడు. జానెడు నీలం రంగు. "ఈ జానెడులోనేనా?"

"జానెడే. నీళ్ల మీద అయితే దినాల పయనం."

"ఇది ఏ సముద్రం?"

"ఉప్పుదే సామీ. అన్నీ ఉప్పువే."

"పెరుగుది? పాలది?"

లేవి నవ్వు ఆపుకున్నాడు. "ఈ పటంలో లేవు."

శాస్త్రి నిట్టూర్చాడు. తాగడానికి చెలమ తవ్వుకునే ఊళ్లో కూర్చుని నెయ్యి సముద్రం గురించి ఎంత రాగం తీసి చెప్పాడో గుర్తొచ్చి, చెవులు వేడెక్కాయి. "మరి మేరువు?" అని అడగబోయి ఊరుకున్నాడు. ఒక్క రోజున ఇన్ని పోగొట్టుకోవడం ఎందుకనిపించింది.

"మనోళ్లు అప్పుడెప్పుడో పోలేదా అటు?" అని మాట మార్చాడు. "సువర్ణభూమి అంటారే."

"ఎందుకు పోలేదు సామీ! ఇదే పక్క. రైలు లేని కాలంలో, పటం లేని కాలంలోనే పోయినారు. ఇప్పుడు మనకాడికి వచ్చేసరికి వాన పారేసి వట్టి దుమ్ము మోసుకొస్తాది చూడండి, పడమటి నుంచి వచ్చే మేఘాల గాలి, ఆ గాలే వాళ్ల ఓడల్ని అటు తోలేది. తిరిగొచ్చేదానికి గాలి మళ్లాల. అది మళ్లేదాకా ఆ దేశంలోనే కాచుకోనుండేటోళ్లు." లేవికి ఈ మాటలు చెప్పుకోవడానికి మనుషులు దొరకరు. దొరికేసరికి ఉత్సాహం వచ్చింది. "పడమటి నుంచి యవనులు కూడా అట్లనే వచ్చినారు. పాతకాలంలో వాళ్లు గీసిన మన దేశం పటం చూస్తే మీకు నవ్వొస్తాది. కింద కొన ఉండదు, అడ్డంగా కోసిన రొట్టె మాదిరి ఉంటాది. సింహళమేమో మన కన్నా పెద్దది."

"అయ్యో పాపం. ఆ పటం నమ్ముకుని వచ్చినోళ్లు ఏమైపోయినారు?"

"ఏమైతారు? వచ్చినారు, మిరియాలు కొన్నారు, పోయినారు."

"తప్పు పటంతోనా?"

"తీరం కనపడినాక పటం ఎవరు చూస్తారు సామీ! తీరాన్నే చూసుకుంటా వచ్చినారు. మనోళ్లది ఇంకో ఉపాయం. నడిసముద్రంలో భూమి యాడుందో తెలీకపోతే, పంజరంలో తెచ్చుకున్న కాకిని వదిలేటోళ్లంట. భూమి ఉంటే అటు పోతాది. లేకుంటే తిరిగొచ్చి ఓడ మీదే వాలుతాది."

"కాకినా?" శాస్త్రి నోరు తెరిచాడు. పిండం పెట్టి కాకి కోసం ఆకాశంలోకి చూస్తూ ఆయన మెడ ఎన్నిసార్లు నొప్పి పుట్టిందో.

"కాకినే. భూమి నాకు తెలుసు అనేటోడు కాకిని వదలడు. తెలీదని ఒప్పుకున్నోడే వదుల్తాడు."

శాస్త్రి మళ్లీ పటం దగ్గరికి వంగాడు. తర్వాత ఊరికే, తన ఊరు కూడా చూసుకోవాలన్న సరదా పుట్టి, "మన కమలాపురం చూపించప్పా, శ్రీశైలం కూడా," అన్నాడు. లేవి రెండో పటం విప్పాడు. వేలితో శ్రీశైలం చూపించి, అక్కడి నుంచి వేలిని కిందికి, నిట్టనిలువుగా కిందికి జరిపి కడప పక్కన ఆపాడు.

"ఈడ సామీ."

"పటం తలకిందులుగా పట్టుకున్నావేమో చూడు."

"లేదు సామీ. పైన ఉత్తరం. మనం శ్రీశైలానికి దక్షిణంగా ఉండాము."

"ఈశాన్యం కాదూ?"

"ఈశాన్యమంటే బెజవాడ పక్కకు పోవాల."

"గోదావరి?"

లేవి వేలు పైకి, చాలా పైకి పోయింది.

శాస్త్రి బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన గురువు బెజవాడ పక్క కృష్ణ ఒడ్డున పాఠం చెప్పేవాడు. అక్కడ నిలబడి చెప్తే ఈశాన్యం సరే, కృష్ణా గోదావరుల నడుమా సరే. శిష్యుడు ఆ మాటల్ని స్వరం చెడకుండా, పొల్లు పోకుండా మోసుకొచ్చి కమలాపురంలో దించాడు. దిక్కు మార్చుకోవాలని ఆయనకు తోచలేదు. చెప్పాల్సిన పని లేదనుకుని గురువూ చెప్పలేదేమో. ఇన్నేండ్లుగా కమలాపురం పెండ్లిళ్లన్నీ బెజవాడలో చేసినట్టయింది. పెండ్లిళ్లు పోనీ, తన తండ్రి ఆబ్దికం కూడా ఏటేటా ఆ మాటలతోనే పెట్టాడు. ఊరి పక్క పాపఘ్ని ఏటి ఇసుకలో నిలబడి, తండ్రిని ఎక్కడో కృష్ణ ఒడ్డుకు రమ్మని పిలిచాడు. ఆ ముసలాయన అక్కడ తిరిగి తిరిగి ఉత్త చేతులతో పోయాడేమో అనుకునేసరికి శాస్త్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంచినీళ్లు తెమ్మంటారా సామీ? ఎవరన్నా మీ వాళ్లతో..." అన్నాడు లేవి.

"ఎవరూ వద్దు. ఆ చెంబు నీదే కదా, ఇటు ఇయ్యి," అని శాస్త్రి ఎత్తి గడగడా తాగాడు. ఆ రోజు ఇంటికి పోయి స్నానం చేసిన గుర్తు కూడా ఆయనకు లేదు.

సోమవారం తెల్లవారాక పాపఘ్నిలో దిగారు. ఏరు ఎండిపోయి ఉంది. సిద్దారెడ్డి ఇసుకలో చెలమ తవ్వాడు. అడుగున నీళ్లు మెల్లగా ఊరాయి. దర్భల బొమ్మ కాలి బూడిదయింది. దాయాదులు నలుగురు ఎడంగా కూర్చున్నారు. ఆడవాళ్లు ఏటికి రావడం ఆ ఇంట్లో లేదు. నాగలక్ష్మమ్మ వచ్చింది. "చిరునామా నా చెవులతో నేనే ఇనాల," అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

సిద్దారెడ్డి తడి పంచెతో దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు. శాస్త్రి సంకల్పం ఎత్తుకున్నాడు. జంబూద్వీపం దాటింది, భరతవర్షం దాటింది. అలవాటు పడిన నాలుక ఈశాన్యం వైపే దూకబోయింది. శాస్త్రి పళ్లు బిగించి ఆపాడు.

"శ్రీశైలస్య దక్షిణ ప్రదేశే," అన్నాడు. "కృష్ణాకావేర్యోర్మధ్యదేశే, పాపఘ్నీ తీరే..."

సిద్దారెడ్డి తల తిప్పాడు. "సామీ, ఎప్పుడూ ఈశాన్య అంటారు గదా?"

అలవాటుగా ఒక మాట చెప్పి నోరు మూయించడం శాస్త్రికి చేతనవును. నాగలక్ష్మమ్మ తన వైపే చూస్తోంది.

"ఇన్నేండ్లూ తప్పు చెప్పినాను రెడ్డీ. మనం ఉండేది శ్రీశైలానికి దక్షిణాన. నాకు మొన్ననే తెలిసింది. లేవి ఐవారు పటంలో చూపించినాడు."

దాయాదుల్లో గుసగుసలు లేచాయి. సిద్దారెడ్డి ముఖం ఎర్రబడింది. "అంటే మా నాయన దినాలు? నా పెండ్లి? మా అన్న పెండ్లి?"

"అన్నీ. మా నాయనవి కూడా."

"ఎంత మాట చెప్తిరి సామీ! ఇంగ మిమ్మల్ని పిలిచేదెవరు?"

శాస్త్రి వచ్చేటప్పుడే ఆ సంగతి తెలిసి వచ్చాడు. అప్పుడు నాగలక్ష్మమ్మ నోరు విప్పింది.

"మా పెండ్లి బెజవాడలో అయిందా సామీ?"

"మాట వరకు అంతే తల్లీ."

"యాడన్నా కానీలే. కాపురం ఈడనే చేసినాడు గదా." ఆమె పెదవుల మీద నవ్వులాంటిది వచ్చిపోయింది. "ఆయప్పది చెప్పండి."

శాస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఆ మాటలు ఏ గురువూ నేర్పినవి కావు. రెండు రాత్రులు నిద్ర మాని తానే కూర్చుకున్నవి. "భరతఖండస్య పూర్వదిగ్భాగే, లవణసముద్రమధ్యే, అజ్ఞాత ప్రదేశే..."

"ఆ కడపటి మాటకి అర్థమేమి సామీ?"

"తెలియని తావులో అని అమ్మా. మద్రాసుకూ రంగూన్‌కూ నడుమ ఉప్పు సముద్రంలో. అంతవరకే తెలుసు. ఆ పైన ఎక్కడో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు." ఆగాడు. ఇంకొకటి మిగిలి ఉంది. అదీ చెప్పేశాడు. "అప్పుడు శ్రావణం అన్నానే, అది కూడా తెలియకనే అన్నాను. నీ ముఖం చూడలేక అన్నాను."

నాగలక్ష్మమ్మ తిడుతుందని శాస్త్రి అనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"అందరూ తెలుసనే చెప్తిరి," అంది ఆమె. "పెనాంగులో ఉండాడనిరి. బర్మాదాన్ని కట్టుకున్నాడనిరి. వచ్చే ఏడు వస్తాడనిరి. ఇంతమందికి తెలిసినప్పుడు బతికే ఉంటాడులే అనుకున్నా. తెలీదని చెప్పింది మీరొక్కరే సామీ." ఆమె చెలమ దగ్గరికి జరిగింది. "అయితే... లేడు."

పైట కొంగు చెలమలో ముంచి నుదురు తుడుచుకుంది. బొట్టు ఒక్కసారికి పోలేదు, రెండోసారి గట్టిగా రుద్దింది. ఆ తర్వాత ఏడ్చింది. ఇన్నేండ్లలో ఆమె ఏడ్వడం ఊళ్లో ఎవరూ చూడలేదు. సిద్దారెడ్డి కోపం ఎక్కడికి పోయిందో, అతనూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

శాస్త్రి ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని, "ఇక పేరు చెప్పి నీళ్లు వదలాలి రెడ్డీ," అన్నాడు. సిద్దారెడ్డి దోసిట్లో నీళ్లు పట్టుకున్నాడు. అన్న పేరు నోటికి రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు, రాలేదు. దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి ఇసుకలోకి కారిపోతున్నాయి.

నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది.

"యాడ ఉండాడో తెలిసుంటే మెల్లగా పిలిచినా సరిపోతాది," అంది. "తెలీనప్పుడు గట్టిగా పిలవాల గదా సామీ?"

భార్య నోటితో భర్త పేరు పలకడం ఆ ఊళ్లో లేదు. కాపురం చేసినన్నాళ్లూ ఆమె పలకలేదు, ఎదురుచూసినన్నాళ్లూ పలకలేదు. దాయాదుల్లో పెద్దాయన ఒకడు వారించబోయాడు. శాస్త్రి చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు.

ఆమె తూర్పుకు తిరిగింది.

"గంగిరెడ్డీ!" అని కేకేసింది. "ఓ గంగిరెడ్డీ! యాడుండావో ఇట్ల రా! నీళ్లుండాయి, తాగిపో!"